వెడల్పు టైర్లు వద్దు, అల్లుడూ

అల్లుడికి ఆశీస్సులు.

నీ మారుతి జిమ్నీకి 235/75 ఆర్15 టైర్లు, అంటే 235 మిల్లీమీటర్ల వెడల్పువి, వేయించబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నంబర్లు ఆమెకు అర్థం కాలేదు గానీ, నువ్వు ఉత్సాహపడుతున్న తీరు చూసి ఖర్చు పెద్దదేనని మాత్రం పసిగట్టింది. బండి నీది, డబ్బు నీది. ఒడిశాలోని ఈ జైపూర్‌లో ఇన్నేళ్లు జీపులతోనే బతికినవాణ్ణి కాబట్టి నా మాట కూడా ఒకసారి విని, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. మన కొండదారులకు సన్న టైరే సరైంది.

వానాకాలంలో సెమిలిగూడ దాటి నందపూర్, లమతాపుట్ లోపలి ఊళ్లకు వెళ్లే మట్టి దారులు నీకు తెలిసినవే. పైన ఎర్ర బురద, దాని కింద మొరమో రాయో. సన్న టైరు ఆ బురదను చీల్చుకుని కింది గట్టినేల మీద ఆనుతుంది. వెడల్పు టైరు పైపైనే పరుచుకుని జారుతుంది. అంతటితో అయిపోదు, ఎదురుగా ఉన్న బురదనంతా నెట్టుకుంటూ వెళ్లాలి. టైరు ఎంత వెడల్పయితే అంత ఎక్కువ బురద అడ్డం పడుతుంది, ఇంజను అంత కష్టపడుతుంది. జిమ్నీ ఖాళీ బరువు సుమారు 1200 కేజీలే. బరువైన బండి వెడల్పు టైరును కూడా కిందికి నొక్కగలదు, ఇంత తేలిక బండికి ఆ పని సాధ్యం కాదు.

వెడల్పు టైరు నేలను ఎక్కువ పట్టుకుంటుంది కదా అంటావు. బండి బరువు, టైర్లో గాలి మారకపోతే, నేలకు ఆనే మేర కూడా దాదాపు మారదు. మారేది దాని ఆకారం. వెడల్పు టైరుకు అది అడ్డంగా ఉంటుంది, సన్న టైరుకు నిలువుగా ఉంటుంది. ఎక్కుడులో మనకు కావలసింది నిలువుగా ఉండటమే. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపులు తిరిగింది 6.00-16 టైర్ల మీద, అంటే వెడల్పు ఆరంగుళాలే. మన మహీంద్రా జీపులకూ చాలాకాలం అదే సైజు నడిచింది. ఒనకడిల్లి గురువారం సంతకు జనాన్నీ బస్తాలనూ కుక్కుకుని వెళ్లిన పాత జీపులకు వెడల్పు టైర్ల సోకు ఎప్పుడూ లేదు.

రాళ్ల దారిలో సన్న టైరుకు ఇంకో లాభం ఉంది. పక్కలకు పొడుచుకొచ్చే టైరుకు గట్టు రాయి ముందు తగిలేది సైడ్‌వాల్‌కే, అంటే టైరు పక్క గోడకే. అక్కడ చీరుకుంటే పంచరు షాపు అతను కూడా చేతులెత్తేస్తాడు.

ఇక లెక్కలు చూద్దాం. కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 ఎత్తు సుమారు 693 మిల్లీమీటర్లు. నువ్వు అడిగే 235/75 దాదాపు 733 వస్తుంది. అంత ఎత్తు పెరిగినా బండి కింద నీకు దొరికేది అందులో సగమే, 20 మిల్లీమీటర్లు. బదులుగా టైరు చుట్టుకొలత దాదాపు 6 శాతం పెరుగుతుంది. మీటర్లో 60 చూపిస్తుంటే బండి 63 దాటి పోతూ ఉంటుంది, ఎక్కుడులో గేరు బరువెక్కుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు ఎక్కడో ఒకచోట రాసుకునే అవకాశం ఉంది. నీ రిమ్ము వెడల్పు అయిదున్నర అంగుళాలు, అంత లావు టైరును దాని మీద కూర్చోబెట్టడం కూడా బలవంతమే. అసలు సైజే ఉంచుకుని గాడులు లోతుగా ఉన్న ఆల్ టెరెయిన్ టైరు, అంటే తారుకూ మట్టికీ రెండింటికీ పనికొచ్చేది, వెతుకు. ఎక్కడా దొరక్కపోతే 215/75 ఆర్15 దాకా వెళ్లు, ఎత్తు 10 మిల్లీమీటర్లే పెరుగుతుంది. అంతకు మించి వద్దు.

బురద కోసమే చేసే మడ్ టెరెయిన్ టైర్లు చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ నువ్వు తిరిగే దూరంలో ఎక్కువ భాగం తారు రోడ్డే. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు వాన, మంచు కలిసి వస్తే, తడి తారు మీద పెద్ద పెద్ద దిమ్మల టైరు పట్టు తప్పుతుంది. బ్రేకు కొట్టినప్పుడు తెలుస్తుంది ఆ సంగతి. సన్న ఆల్ టెరెయిన్ టైరు కూడా మలుపుల్లో కారు టైరులా అతుక్కోదు, కాబట్టి ఘాట్‌లో కాస్త నిదానంగా నడుపు.

పది ప్లై టైరు, అంటే పది పొరలంత బలమున్నది, గట్టిదని షాపులో అంటగట్టాలని చూస్తారు. అది సరుకు మోసే బరువు బండ్లకు. నీ తేలిక బండి కింద అది వంగదు, రాయి మీద ఎక్కితే ఎగిరిపడుతుంది, నీ నడుము విరుగుతుంది. లోడ్ ఇండెక్స్ మాత్రం పాత టైరు కంటే తగ్గకుండా చూసుకో. సైజు పక్కన ఉండే అంకె అది, 96 అంటే ఒక్కో టైరు 710 కేజీలు మోస్తుందని. మన పాత జీపుల వాళ్లు కొందరు చవగ్గా వస్తుందని ట్రాక్టరు ముందు టైరు వేసేవారు, సైజు 6.00-16 ఒకటే కదా అని. దాని మీద వేగం గుర్తు ఏ6, ఏ8 అని ఉంటుంది, అంటే గంటకు 30, 40 కిలోమీటర్లకే అది పనికొస్తుంది. నీ రిమ్ముకు ఎలాగూ పట్టదులే, మీ నాన్న పాత జీపు సంగతి గుర్తొచ్చి చెబుతున్నాను.

సన్న టైరు ఓడిపోయే చోట్లు కూడా ఉన్నాయి. ఎండాకాలంలో కొలాబ్ రిజర్వాయరు నీళ్లు తగ్గాక ఒడ్డున మిగిలే ఒండ్రు మట్టి, ఏటి ఇసుక. అక్కడ కింద గట్టినేల ఉండదు, టైరు ఎంత చీలిస్తే అంత దిగబడుతుంది. అలాంటి చోట గాలి 18 పీఎస్ఐ దాకా దించు. నేలకు ఆనే మేర పొడవుగా సాగుతుంది, బండి తేలుతుంది. 15 కంటే కిందికి పోకు, మలుపు తిప్పినప్పుడు టైరు రిమ్ము వదిలేస్తుంది. తారు ఎక్కే ముందు తిరిగి నింపాలి, కాబట్టి టైర్ల మీద మిగిలిన డబ్బుతో ఒక చిన్న కంప్రెసర్, నమ్మకమైన గేజు కొనుక్కో. ఎంత నింపాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చెబుతుంది, షాపు అబ్బాయి అందాజా కాదు.

నాలుగుతో ఆగకు, స్టెప్నీతో కలిపి అయిదూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి తీసుకో. నీది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, కావాలన్నప్పుడే నాలుగు చక్రాలూ లాగుతాయి. 4హెచ్ వేసి అలా లాగించేటప్పుడు ముందూ వెనకా ఇరుసులు ఒకే వేగంతో తిరగాలి. ఒక్క టైరు ఎత్తు తేడా ఉన్నా ఆ బిగువంతా ఇంజను శక్తిని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీదే పడుతుంది. అందుకే పొడి తారు మీద 4హెచ్ వేయొద్దనేది కూడా. అయిదింటినీ వంతులవారీగా మార్చుకుంటూ ఉంటే సమంగా అరుగుతాయి.

టైరు పక్కన డాట్ అని ఉండి, చివర నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. షాపులో గోడౌన్లో మగ్గిన టైరు పైకి కొత్తగానే కనిపిస్తుంది, రబ్బరు మాత్రం గట్టిపడి ఉంటుంది. విశాఖలో కొన్నా, ఇక్కడ జైపూర్‌లో కొన్నా, డబ్బులిచ్చే ముందు ఆ నాలుగంకెలూ సైజూ కనబడేలా అయిదు టైర్లకూ ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. చూసి చెబుతాను.

మీ మావయ్య