గోడ మీద తుపాకీ కన్నా ముందు ట్రంకుపెట్టె

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. మా ఊరి నుంచి మిలిటరీలో చేసి వచ్చినవాళ్ళం చాలామందిమే ఉన్నాం. బడి పక్కన రోడ్డుకు కనిపించే పొడవాటి గోడ మీద మా అందరి గుర్తుగా పెద్ద బొమ్మ వేయించాలనుకున్నాం. పంచాయతీ వాళ్ళు సరేనన్నారు. బోర్డులు రాసే ఇద్దరు ఆర్టిస్టులు ఒప్పుకున్నారు. తీరా మేము ఫోన్లో ట్యాంకులు, తుపాకులు, జెండా ఫోటోలు పంపితే, "దీనికి ఫ్లెక్సీ చాలు కదా సార్" అన్నారు. మావాళ్ళకు కోపం వచ్చింది. డిసెంబరు 7న వచ్చే సాయుధ దళాల ఫ్లాగ్ డేకి పూర్తి కావాలని ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక రిటైర్డ్ సుబేదారు

జవాబు: అన్నా, ముందు మీవాళ్ళను ఆ కోపం పక్కన పెట్టమనండి. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒకప్పుడు షాపు బోర్డులన్నీ చేత్తో రాసినవే. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. డ్రాయింగు టీచరుగా నేను కుంచె పట్టించిన పిల్లల్లో కొందరు ఇవాళ ఆటోలు తోలుతున్నారు. అలాంటి ఆర్టిస్టు, వచ్చిన పని పోతుందేమోనని కూడా చూడకుండా ఆ మాట అన్నాడంటే, మీ గోడ మీద ఫ్లెక్సీకి సాధ్యం కానిది చేయాలని ఆశపడ్డాడన్నమాట. అతణ్ణి వదులుకోవద్దు.

మా ఆయన మద్రాస్ రెజిమెంటులో హవల్దారుగా చేసి వచ్చారు. ఆయన నల్ల ట్రంకుపెట్టె ఇప్పటికీ మా అటక మీద ఉంది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉంటాయి. ర్యాంకు ఉన్న చోట వేలితో తడిమితే గట్టులా తగులుతుంది. సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్... ప్రమోషన్ వచ్చినప్పుడల్లా పాతది నల్లరంగుతో కప్పి, దాని మీదే కొత్తది రాసుకున్నారు. ఏ ఆర్టిస్టుతోనూ రాయించలేదు, అన్నీ ఆయన చేతి అక్షరాలే. మీ ఊళ్ళో ప్రతి ఇంటి అటక మీదా ఇలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. నా మటుకు నాకు, ఏ ట్యాంకు బొమ్మా దాని ముందు నిలవదు.

అందుకే ఫ్లాగ్ డే నాడు బొమ్మ ప్రారంభం పెట్టుకోవద్దు. 1949 నుంచి దేశమంతా జరుపుకుంటున్న రోజది, వృథా చేయొద్దు. ఆ రోజు ఆర్టిస్టులిద్దరినీ పిలిచి రచ్చబండ దగ్గర కూర్చోబెట్టండి. ట్రంకుపెట్టెలు, హోల్డాళ్ళు, 56 ఏపీవో, 99 ఏపీవో అని ఆర్మీ పోస్టాఫీసు నంబరు రాసున్న పాత ఉత్తరాలు, ఎవరైనా దాచుకుని ఉంటే మనియార్డరు కాగితాలు, అన్నీ తెచ్చి వాళ్ళ ముందు పెట్టండి. ఆడవాళ్ళను తప్పకుండా పిలవండి. పోస్ట్‌మ్యాన్ కోసం వాకిట్లో నిలబడి చూసింది వాళ్ళే. సెలవు అయిపోయి రైలెక్కిన రోజు గురించి మీరు ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటారు, వాళ్ళయితే ఆ రోజు ఏం వండి మూట కట్టారో కూడా చెబుతారు. ఆర్టిస్టులకు కావలసింది ఆ వివరమే.

తుపాకీ వేయొద్దని నేను అనను. వేస్తే సరిగ్గా వేయించండి. ఫోన్లో వెతికితే ముందు వచ్చేవి అమెరికా వాళ్ళ తుపాకులు. 1971 యుద్ధంలో మనవాళ్ళ చేతిలో ఉన్న రైఫిల్ ఎస్‌ఎల్‌ఆర్, 1999 కార్గిల్‌లో ఇన్సాస్. ఇప్పుడు కనిపించే చిన్న చిన్న చదరాల డిజైన్ యూనిఫారం 2022 జనవరి 15న, ఆర్మీ డే రోజు బయటికి వచ్చింది. 71లో పోరాడిన పెద్దాయనకు అది తొడిగితే ఆయన మనసు చివుక్కుమంటుంది. ఇలాంటివి సరిచూసే బాధ్యత మీది. గీత, నీడలు, ముఖాలు ఆర్టిస్టులకే వదిలేయండి.

అలాగని కుర్చీలు వేసుకుని చూస్తూ కూర్చోవద్దు. పెద్ద ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నాడంటే దారి పక్క రాళ్ళకు, చెట్ల మొదళ్ళకు గేరూ (ఎర్రమట్టి రంగు), సున్నం కొట్టని జవాను ఉంటాడా? మ్యాప్ రీడింగులో గళ్ళ లెక్క మీ అందరికీ వచ్చు. చిన్న బొమ్మను గోడంత పెంచేది కూడా గళ్ళతోనే. కాగితం మీద అంగుళం గడి, గోడ మీద అడుగు గడి. నీలం అద్దిన నూలుదారం చెరో కొస పట్టుకుని, బిగించి లాగి కొడితే గీత పడుతుంది. ఆ పని, అడుగు రంగులు నింపే పని మీవాళ్ళు తీసుకోండి.

జెండా మాత్రం గోడ మీద వద్దు. మాసిపోయిన జెండా ప్రదర్శించకూడదని, దాని మీద అక్షరాలు రాయకూడదని ఫ్లాగ్ కోడ్ చెబుతుంది. మన ఎండలకు గోడ రంగు వెలవక తప్పదు, కిందిభాగంలో ఎవరో ఒకరు పోస్టరు అంటించకా తప్పదు. పక్కనే స్తంభం నాటి నిజం జెండానే ఎగరేయండి. మూడు సింహాల చిహ్నం జోలికీ పోవద్దు, దాని వాడకం మీద 2005 నుంచి చట్టమే ఉంది.

పేర్లు రాయిస్తారు కదా, ర్యాంకుల వరసలో వద్దు. అ, ఆ, ఇ, ఈ వరసలో రాయించండి. మీరు సుబేదారు గనక ఈ మాట మీ నోటి నుంచే ముందు రావాలి. అమరులైనవారి ముఖం వేసేటట్టయితే వాళ్ళ ఇంటికి వెళ్ళి, తల్లినో భార్యనో అడిగి, ఏ ఫోటో చూసి వేయాలో ఆమెనే ఎంచమనండి. ఆమె వద్దంటే అక్కడితో ఆగిపోండి. ఎవరూ రెండోసారి అడగొద్దు.

ఇక గోడ సంగతి. మీది సముద్రం గాలి తగిలే ఊరు. అడుగున ఉప్పు తేలి పొడి రాలుతుంటే ఎంత ఖరీదైన రంగయినా పెచ్చులూడుతుంది. పాత సున్నం గీకించి, గుల్లబారిన చోట మళ్ళీ సిమెంటు పూయించండి. కొత్త పూత నెల రోజులైనా ఆరాలి. తర్వాత బయటి గోడల లప్పం, ప్రైమర్, ఆపైన ఎక్స్‌టీరియర్ ఎమల్షన్. మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి, రంగు పని సంక్రాంతి దాటాకే మొదలుపెట్టండి.

ప్రశ్న: మేడమ్, నేను ఒంగోలులో ఆర్టిస్టుని. మాజీ సైనికులు కొందరు గోడ బొమ్మ వేయమన్నారు. దేశం కోసం చేసే పని కదా అని డబ్బు మాట ఎత్తలేదు. అడిగితే తప్పవుతుందా?

జవాబు: తప్పు కాదు తమ్ముడూ, అడుగు. వాళ్ళూ దేశం పని చేస్తూ జీతం తీసుకున్నవాళ్ళే, అర్థం చేసుకుంటారు. చదరపు అడుగుకు ఇంత అని ముందే చెప్పు. రంగులు, పరంజా ఖర్చు వాళ్ళదని కాగితం మీద రాసుకోండి. సగం అడ్వాన్సు తీసుకో. బొమ్మ కింద మూలన నీ పేరు ఉండాలని అడుగు, శాలువా కప్పినా సరే ఆ పేరు వదులుకోవద్దు. రెండు మూడు ఎండాకాలాలు పోయాక టచప్ ఎవరు చేయాలి, దానికి డబ్బు ఎవరివ్వాలి అన్నది కూడా ఆ కాగితంలోనే రాయించు.