పప్పన్నం ఇంట్లో బ్రిటిష్ షార్ట్‌హెయిర్

కర్నూలు నుంచి నిరుడు ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చిన ఒక చెల్లెలు అడిగింది: "పాప ఆ బూడిదరంగు గుండ్రమొహం పిల్లి కావాలని ఒకటే పోరు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండం. పొద్దున పోతే ఇద్దరం సాయంత్రానికి గానీ ఇంటికి రాం. తెచ్చుకోవచ్చా అక్కా?"

ఆ పిల్లి జాతి పేరు బ్రిటిష్ షార్ట్‌హెయిర్. తెచ్చుకోవచ్చమ్మా. కానీ ముందు తిండి సంగతి తేల్చుకో. టౌరిన్ అనే పోషకం పిల్లి ఒంట్లో చాలినంత తయారుకాదు, తిండి నుంచే రావాలి, సహజంగా అది ఎక్కువగా మాంసాహారంలోనే ఉంటుంది. అది కొరవడితే గుండె దెబ్బతింటుంది, చూపూ పోతుంది. మన వీధి పిల్లులు పెరుగన్నంతో బతకడం లేదా అంటావేమో. అవి మిగతా లోటంతా ఎలుకలతో, బల్లులతో తీర్చుకుంటాయి. నీ ఫ్లాట్‌లో ఆ వీలెక్కడిది? కాబట్టి 'కంప్లీట్' అని రాసున్న క్యాట్‌ఫుడ్ కొనాల్సిందే. వంటింట్లో పెట్టడానికి మనసొప్పకపోతే హాల్లో ఒక మూల దానికో గిన్నె, చెంచా వేరుగా పెట్టు. ఆదోని నుంచి మా పెద్దమ్మ వచ్చినప్పుడు మేం చేసిందీ అదే. ఆమె మడి ఆమెది, పిల్లి గిన్నె పిల్లిది, ఇద్దరికీ పేచీ రాలేదు.

మన వంటలో ఎర్రగడ్డ, తెల్లగడ్డ పడినదేదీ దానికి పెట్టొద్దు, రక్తకణాలు దెబ్బతింటాయి. పారాసెటమాల్ ఒక్క మాత్ర మింగినా ప్రాణం మీదికొస్తుంది. పూజకని సూపర్‌మార్కెట్‌లో పూలగుత్తి కొంటాం చూడు, అందులో లిల్లీలు ఉన్నాయేమో చూసుకో. ఒంటి మీద రాలిన పుప్పొడిని నాకినా చాలు, కిడ్నీలు పోతాయి.

ఇక దాని స్వభావం. నాకు ఈ జాతి నచ్చేది ఇందుకే. రచ్చబండ మీద తాతలా నలుగురి మధ్యా ఉంటుంది, ఎవరి జోలికీ రాదు. నువ్వు ఏ గదిలో ఉంటే ఆ గదికొచ్చి రెండడుగుల దూరంలో కూలబడుతుంది. అరుపూ తక్కువే. కానీ ఎత్తుకుంటే చాలావాటికి గిట్టదు, నాలుగు కాళ్లూ నేల మీద ఉంటేనే నిమ్మళం. ఒళ్లో పడుకోబెట్టుకుని ముద్దు చేయాలని పాప ఆశ పడుతుంటే ఇప్పుడే చెప్పెయ్. కింద కూర్చుని చేయి చాపితే అదే వచ్చి తల రుద్దుతుంది. మీరు ఆఫీసుకు పోయిన వేళంతా పడుకునే ఉంటుంది. అలాగని గిన్నె నిండా తిండి పోసి రెండు రోజులు ఊరెళ్లకూడదు.

వారానికోసారి దువ్వితే సరిపోతుంది, వసంతంలో బొచ్చు రాలేటప్పుడు ఇంకాస్త ఎక్కువ. స్నానాలు అక్కర్లేదు. అసలు టెన్షన్ దాని బరువుతో. మగది ఏడు కిలోల దాకా పెరగొచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యి ఇంట్లోనే ఉండే పిల్లి ఇట్టే లావెక్కుతుంది. తిండి కొలిచి పెట్టు, అడిగినప్పుడల్లా కాదు. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి.

కొనేటప్పుడు తల్లి పిల్లితో పాటే కూనను చూడు. బ్రిటన్‌లో జాతి పిల్లులను నమోదు చేసే సంస్థ జీసీసీఎఫ్ నిబంధనల ప్రకారం 13 వారాలు నిండకుండా కూనను ఇవ్వకూడదు. ఈ జాతిలో హెచ్‌సీఎం అనే గుండెజబ్బు, పీకేడీ అనే కిడ్నీజబ్బు వస్తాయి. తల్లిదండ్రులకు గుండె స్కాన్, జన్యు పరీక్ష చేయించారా అని మొహమాటం లేకుండా అడుగు, కాగితాలు చూపించమను. నసిగితే వచ్చేసెయ్. చూడటానికి ఇలాగే ఉండి చెవులు ముడుచుకున్న స్కాటిష్ ఫోల్డ్ జోలికి మాత్రం పోవద్దు. ఆ చెవి ముడతకు కారణమైన జన్యువే కీళ్లనూ పాడుచేస్తుంది, జీవితాంతం నొప్పి. ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి పిల్లికి 20 వారాలు నిండేలోపు మైక్రోచిప్ తప్పనిసరి, లేకుంటే 500 పౌండ్ల దాకా జరిమానా. చిప్ రికార్డులో నీ పేరు, ఫోన్ నంబరు మార్పించుకోవడం మరవొద్దు. అద్దె ఇల్లయితే ఇదంతా మొదలుపెట్టే ముందే ఓనర్ అనుమతి రాతపూర్వకంగా తీసుకో.

ఇండియా ప్రయాణం గురించి నువ్వు అడగలేదు గానీ, మనవాళ్లు ఇరుక్కునేది అక్కడే. దాన్ని కర్నూలు తీసుకుపోవచ్చులే అనుకోకు. తిరిగి బ్రిటన్ రావాలంటే రేబిస్ టీకా, అది వేశాక కనీసం 30 రోజులకు రక్త పరీక్ష, ఆ పైన మామూలుగా మూడు నెలల నిరీక్షణ. పైగా విమానంలో కార్గోగా రావాలి. అంత మందపాటి బొచ్చుతో 40 డిగ్రీలు దాటే మన ఏప్రిల్, మే ఎండల్లో దానికి నరకం. క్యాటరీలో, అంటే డబ్బు తీసుకుని పిల్లులను చూసుకునే చోట, వదిలిపోవడమే మేలు. కౌన్సిల్ లైసెన్సు ఉందో లేదో చూసుకో. టీకాల కార్డు సరిగా లేకపోతే చేర్చుకోరు. బడి సెలవుల్లో అవి ముందే నిండిపోతాయి కాబట్టి, హైదరాబాద్ టికెట్లు తీసిన రోజే దాని చోటు కూడా బుక్ చేసెయ్.