నియో కొనే ముందు, కొన్నాక

బుజ్జీ,

ఆల్ఫాస్మార్ట్ నియో, అదే కీబోర్డూ చిన్న స్క్రీనూ ఉండి రాయడానికి మాత్రమే పనికొచ్చే ఆ మెషిన్, కొంటే డబ్బు దండగవుతుందేమోనని అడిగావు. కొనుక్కో. కథ రాద్దామని ల్యాప్‌టాప్ తెరవడం, గంట తర్వాత చూస్తే ఇంకేదో చూస్తూ ఉండటం, ఇదే కదా నీ బాధ. దానికి ఇంతకన్నా మంచి మందు నాకు తెలీదు. అందులో ఇంటర్నెట్ లేదు. బటన్ నొక్కగానే నిన్న ఆపిన చోటే తెరుచుకుంటుంది. కొట్టిన ప్రతి అక్షరం దానంతటదే సేవ్ అవుతుంది.

అది అమెరికా బడిపిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేసిన మెషిన్, అందుకే గట్టిది. 2004లో వచ్చింది, 2013లో ఆపేశారు. కాబట్టి నీకు దొరికేది సెకండ్ హ్యాండే. అమ్మేవాళ్లని బ్యాటరీ మూత తీసి ఫొటో పంపమని అడుగు. స్ప్రింగుల దగ్గర తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే వద్దనెయ్. మూడు పెన్సిల్ సెల్స్ వేస్తే ఏడు వందల గంటలు నడుస్తుందని కంపెనీ చెప్పేది. స్క్రీన్‌కి లైటు ఉండదు, టేబుల్ ల్యాంప్ పెట్టుకో.

టీఆర్‌ఎస్-80 మోడల్ 100 అనే పాతకాలపు చేతి కంప్యూటర్ కూడా చూస్తున్నానన్నావు. 1983 నాటిది, ఎనిమిది లైన్ల స్క్రీన్, నాలుగు సెల్స్. లోపలే మోడెమ్ ఉండేది కాబట్టి విలేకరులు ఉన్న ఊరి నుంచే ఫోన్ లైనులో వార్త పంపేసేవాళ్లు. దాని మీద నాకూ మోజుంది. కానీ లోపల బోర్డుకి అతికించిన చిన్న బ్యాటరీ వయసైపోయి కారుతుంది. రాసింది బయటికి తీయాలంటే పాతకాలపు సీరియల్ కేబుల్ వెతుక్కోవాలి. కథ పక్కనపెట్టి రిపేరులో పడతావు. నీకు వద్దు.

ఇక అసలు సంగతి. నియోలో తెలుగు అక్షరాలు రావు. దానికి నిరాశపడకు. తొంభైలలో మనవాళ్లు ఇంటర్నెట్‌లో వాడిన ఆర్‌టీఎస్ పద్ధతి ఉంది కదా, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేది, అందులో కొట్టు. తర్వాత లేఖిని అనే వెబ్‌సైట్‌లో వేస్తే తెలుగులోకి మారిపోతుంది. ఇందులో ఒక లాభం కూడా ఉంది. ఇంగ్లీషు లిపిలో చూస్తే వాక్యం అందం తెలియదు, అందుకని చెక్కుతూ కూర్చోవాలనిపించదు. కనిపించేది నాలుగైదు లైన్లే కాబట్టి వెనక్కి వెళ్లబుద్ధి కాదు. మొదటి ప్రతికి కావలసింది అదే. దిద్దుబాటు మాత్రం దాని మీద చేయకు, ల్యాప్‌టాప్ ఉన్నది అందుకే.

రాసింది పంపేటప్పుడు జాగ్రత్త. కేబుల్ పెడితే కంప్యూటర్ దాన్ని ఇంకో కీబోర్డ్ అనుకుంటుంది. సెండ్ నొక్కితే నువ్వు రాసిందంతా ఒక్కో అక్షరమే టైపు చేసుకుంటూ పోతుంది. పెద్ద ఫైలైతే నిమిషాలు పడుతుంది. ఈలోగా మౌస్ ముట్టుకోకు, వేరే విండో మీద నొక్కావంటే మిగతాదంతా అందులోకి పోతుంది. వర్డ్‌లోకి అసలు పంపకు. అది వాక్యం మొదటి అక్షరాన్ని దానంతటదే పెద్దక్షరం చేస్తుంది. ఆర్‌టీఎస్‌లో చిన్న ‘ఎన్’ అంటే న, పెద్ద ‘ఎన్’ అంటే ణ. వాక్యం మొదట్లో వచ్చే ప్రతి ‘నేను’ ‘ణేను’ అయి కూర్చుంటుంది! నోట్‌ప్యాడ్‌లోకి పంపి, అందులోనూ ఆటోకరెక్ట్ ఉంటే ఆపేసి, అక్కడి నుంచి లేఖినిలోకి తీసుకో. వారానికోసారైనా ఇలా పంపుకుంటూ ఉండు, ఒక్క మెషిన్‌ని నమ్ముకుని కథంతా అందులోనే ఉంచకు.

ఒకటి చాలు. రెండోది చవగ్గా వస్తోందని కొనకు. ఆ వెతుకులాట కూడా రాయకుండా ఉండటానికి ఒక సాకే.

కథ చివరిదాకా వచ్చాక నాకు పంపు. తెలుగులోకి మార్చే ఓపిక లేకపోతే ఆర్‌టీఎస్‌లోనే పంపినా చదువుతాను.

ఆశీస్సులతో,
పెద్దనాన్న