టెక్ సందేహాలు: పెట్టి మరిచిపోయే ఆ ప్లగ్గు సంగతి

కారు స్టీరింగ్ కింది పోర్టులో గుచ్చే, ఇంజిన్ కంప్యూటర్ రీడింగులు చదివే చిన్న ఓబీడీ ప్లగ్గు, ఆ రీడింగులు చూపించి ఫైలుగా రాసిపెట్టే (లాగింగ్ చేసే) ఒక ఫోన్ యాప్. ఈ రెండూ ఉంటే ఇంజిన్ గుట్టంతా చేతికొచ్చినట్టేనని చాలామంది నమ్మకం. ఎండలు మొదలైనప్పటి నుంచి నాకొస్తున్న ఉత్తరాల్లో సగం వీటి మీదే. ఊళ్ళు వేరు, కార్లు వేరు, ఫిర్యాదులు మాత్రం అవే. అందుకే ఈసారి అన్నిటికీ ఒకేచోట జవాబులు. పోర్టు ఎక్కడుంటుంది, యాప్ ఎలా వేసుకోవాలి లాంటివి చెప్పను. అవి చూపించే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి.

"సార్, అలిపిరి దగ్గర లాగింగ్ ఆన్ చేసి కొండెక్కుతాను. పైకెళ్ళి ఫైలు తెరిస్తే మొదటి నాలుగైదు నిమిషాల డేటానే ఉంటుంది. ప్లగ్గు కూడా మార్చి చూశాను, అదే గోల." (తిరుచానూరు నుంచి)

ప్లగ్గుకి అనవసరంగా డబ్బు పెట్టారు. లాగింగ్‌ని ఆపేస్తున్నది మీ ఫోను. మీరు యాప్ ఆన్ చేసి పాటలకో మ్యాప్‌కో వెళ్ళిపోయి ఉంటారు, లేదా స్క్రీన్ ఆపేసి ఉంటారు. తెర మీద లేని యాప్‌ని కాసేపటికి నిద్రపుచ్చడం ఆండ్రాయిడ్‌లో 2015 నుంచీ ఉంది. అది చాలదన్నట్టు ఫోన్ కంపెనీలు తమ సొంత ఆంక్షలు కూడా తగిలించాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీకి వెళ్ళి, బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టండి. రీసెంట్ యాప్స్‌లో దాన్ని లాక్ చేసే వీలుంటే అదీ చేయండి.

పెద్ద అప్‌డేట్ వచ్చాక ఈ సెట్టింగ్ మళ్ళీ మొదటికి వస్తోందని రాసినవాళ్ళు కూడా ఉన్నారు. ఇదేం పద్ధతో నాకర్థం కాదు. ఫోన్ కొన్న మనిషి స్వయంగా వెళ్ళి, హెచ్చరిక చదివి, ఓకే నొక్కి పెట్టుకున్న సెట్టింగ్ అది. అడగకుండా మార్చే హక్కు అప్‌డేట్‌కి ఎవరిచ్చారు? బ్యాటరీ ఇంకో గంట వస్తుందని గొప్పగా చెప్పుకోవడానికి మన పని చెడగొట్టాలా?

ఇంకో మాట. మీరు పంపిన ఫైలులో పద్నాలుగు రీడింగులు ఎంచుకుని ఉన్నాయి. ఈ ప్లగ్గు ఇంజిన్ కంప్యూటర్‌ని ఒక్కొక్కటిగా అడిగి జవాబు తెచ్చుకుంటుంది. పద్నాలుగూ అడిగేసరికి మొదటి రీడింగ్ పాతబడిపోతుంది. కొండకైతే ఆర్‌పీఎం, స్పీడు, కూలెంట్ వేడి, ఇంజిన్ లోడ్, బయటి గాలి పీడనం చాలు. ఆ చివరిది చాలామంది పట్టించుకోరు కానీ చూడాల్సింది అదే. తిరుపతిలో సుమారు 98 కిలోపాస్కల్స్ ఉన్నది, కొండ మీదికి చేరేసరికి 91 దగ్గరికి దిగుతుంది. గాలి పలచబడితే టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ బలం కూడా దాదాపు అంతే శాతం తగ్గుతుంది. 'పైకి పోయేకొద్దీ పికప్ పోతోంది' అని షెడ్డుకి పరిగెత్తే ముందు యాప్ గ్రాఫ్‌లో ఆ పీడనం గీత చూడండి.

ఎక్కిన లాగ్‌నీ దిగిన లాగ్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చవద్దు. ఎక్కేది 1974 నాటి రెండో ఘాట్, దిగేది 1944 నాటి మొదటి ఘాట్. రోడ్డూ వేరు, మలుపులూ వేరు. దిగేటప్పుడు గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజిన్ పెట్రోల్ తీసుకోవడమే ఆపేస్తుంది. అప్పుడు యాప్‌లో మైలేజీ ఆకాశానికి ఎగిరితే యాప్ పాడైందనుకోకండి.

"రెండు వారాలు కారు తీయలేదు. తర్వాత చూస్తే బ్యాటరీ డౌన్. ఆ బ్లూటూత్ ప్లగ్గు తీసేయమ్మా అన్నాడు మెకానిక్. నిజంగా దానివల్లేనా? ఎప్పుడూ పెట్టి ఉంచితే ఇంకేమైనా ఇబ్బందా?" (రేణిగుంట నుంచి ఒక టీచరు)

మెకానిక్ చెప్పింది నిజం. ఆ పోర్టులో 16వ పిన్నుకి బ్యాటరీ నుంచి కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. ఇంజిన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నా ఆగదు. చవక ప్లగ్గు 40, 50 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకి సుమారు ఒక ఆంపియర్ అవర్ పోతుంది. చిన్న కార్లకి వచ్చే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో రెండు వారాలకి ఎంత పోతుందో మీరే లెక్క వేయండి. పైగా కారు సొంత వాడకం ఉండనే ఉంది. బ్యాటరీ పాతదైతే సెల్ఫ్ కొట్టదు.

ఇక మీ రెండో ప్రశ్న. బ్యాటరీ పోతే జంపర్ వైరుతో పని జరుగుతుంది. నన్ను అంతకంటే ఎక్కువ భయపెట్టేది ఈ ప్లగ్గు బ్లూటూత్. రెండు వందలకో మూడు వందలకో దొరికేవాటిలో చాలావాటికి పిన్ 1234, కాకపోతే 0000. దాన్ని మార్చుకునే వీలుండదు. కొన్ని కొత్త రకాలు ఆ పిన్ కూడా అడగవు. ప్లగ్గుకి కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, అపార్ట్‌మెంట్ సెల్లార్లో కారు పెట్టి మీరు పైన నిద్రపోతున్నా అది 'నేనిక్కడున్నా' అని పిలుస్తూనే ఉంటుంది. గుమ్మానికి తాళంచెవి వేలాడదీసి ఊరెళ్ళడం ఇది. పక్క పార్కింగ్‌లో ఉన్నవాడికి అదే యాప్ ఉంటే చాలు, మీ ప్లగ్గుతో మాట్లాడగలడు.

మాట్లాడి ఏం చేస్తాడంటారా? కనీసం కారు ఛాసిస్ నంబరు చదువుతాడు, లోపం వస్తే కారు కంప్యూటర్ రాసిపెట్టుకునే ఫాల్ట్ కోడ్స్ చెరిపేస్తాడు. అంతకు మించి ఏం చేయగలడన్నది మీ కారుని బట్టి ఉంటుంది. ఇంజిన్, బ్రేకులు, స్టీరింగ్ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగలకి ఈ పోర్టు కలిసి ఉంటుంది. ఆ తీగల మీద వచ్చిన మాట ఎవరన్నారని అడిగే ఏర్పాటు చాలా కార్లలో లేదు. 2015లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఈ పోర్టులో పెట్టే సిమ్ కార్డు ప్లగ్గు ఒకటి తీసుకుని, దానికి ఎస్సెమ్మెస్‌లు పంపి, ఒక స్పోర్ట్స్ కారు వైపర్లు ఆడించారు, బ్రేకులు పట్టించారు. కారు మెల్లగా పోతున్నప్పుడు బ్రేకులు పడకుండా కూడా చేసి చూపించారు. మీ ప్లగ్గులో సిమ్ లేదు, బ్లూటూత్ పది మీటర్లకి మించి పెద్దగా పోదు, కాబట్టి దూరం నుంచి ఎవరో మీ కారుని తిప్పేస్తారని టెన్షన్ పడనక్కర్లేదు. కొత్త కార్లు కొన్నిట్లో పోర్టుకీ లోపలి తీగలకీ మధ్య కాపలా కాసే గేట్‌వే ఉంటోంది. మీ కారులో ఉందా లేదా? షోరూమ్‌లో అడిగి చూడండి, సీట్ కవర్ల రంగుల గురించి చెబుతారు.

ప్లగ్గు లోపలి చిప్ సంగతి కూడా వినండి. బాక్సు మీద 'ఈఎల్‌ఎమ్ 327' అని ఉంటుంది. ఆ చిప్ అసలు తయారీదారు కెనడా కంపెనీ, 2022లో మూతపడింది. బజార్లో దొరికే చవక ప్లగ్గుల్లో ఉన్నవి దాని నకళ్ళు. '1.5 వెర్షన్' అని గొప్పగా రాసి అమ్ముతారు, ఆ కంపెనీ ఆ నంబరుతో వెర్షనే విడుదల చేయలేదు. అలాంటి వస్తువుకి భద్రతా లోపం బయటపడితే సరిదిద్దే నాథుడెవరు?

ఆ తర్వాత యాప్. ఆండ్రాయిడ్ 11 వరకు, బ్లూటూత్‌లో పరికరాలు వెతకాలంటే యాప్ లొకేషన్ అనుమతి అడగక తప్పేది కాదు. 12 నుంచి 'నియర్‌బై డివైసెస్' అని వేరే అనుమతి వచ్చింది. కాబట్టి కొత్త ఫోన్‌లో ఈ అనుమతి చాలు. లాగ్‌లో దారి కూడా పడాలనుకుంటేనే లొకేషన్ ఇవ్వండి. ఇంజిన్ వేడి చూపించే యాప్‌కి మీ ఎస్సెమ్మెస్‌లతో, కాంటాక్టులతో, తెర మీదిదంతా చదవనిచ్చే యాక్సెసిబిలిటీ అనుమతితో ఏం పని? అడిగిందంటే తీసేయండి. 'ప్రో వెర్షన్ ఫ్రీ అన్నా' అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలుని (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా యాప్ వేసే ఫైలు) ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోవద్దు. చలానా పేరుతో వచ్చిన ఏపీకేలు నొక్కి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసుకున్నవాళ్ళ వార్తలు చదువుతూనే ఉన్నాం. కారు యాప్ పేరుతో వచ్చినా లోపల ఉండగలిగేది అదే.

లాగ్ ఫైలు విషయంలో అజాగ్రత్త మాత్రం పూర్తిగా మనదే. ఫైలుని అలాగే గ్రూపులో పడేసి 'ఇది నార్మలేనా' అని అడుగుతారు. జీపీఎస్ ఆన్‌లో ఉంటే అందులో మొదటి వరుస మీ ఇంటి గేటు. ఏ టైముకి బయల్దేరారు, ఎక్కడ ఎంతసేపు ఆగారు, ఎప్పుడు తిరిగొచ్చారు, అన్నీ సెకన్లతో సహా ఉంటాయి. పంపాలంటే ఎక్సెల్‌లో తెరిచి లాటిట్యూడ్, లాంగిట్యూడ్ కాలమ్స్ తీసేసి పంపండి.

మీకు నా సలహా: లాగ్ కావాల్సిన రోజు ప్లగ్గు పెట్టండి, ఇంటికొచ్చి ఇంజిన్ ఆపగానే పీకి డాష్‌బోర్డ్ అరలో వేయండి.

"చిత్తూరులో సెకండ్ హ్యాండ్ కారు చూశాను. అమ్మే ఆయన ముందే యాప్ పెడితే 'నో ఫాల్ట్ కోడ్స్' అని వచ్చింది. కొనేయొచ్చా?"

ఫాల్ట్ కోడ్స్ చెరపడానికి ఒక్క బటన్ చాలు. మీరు వచ్చే ముందు ఆయన చెరిపి ఉండకూడదని ఏముంది? అయితే చెరిపినవాడి జాడ కూడా కారులోనే ఉంటుంది. యాప్‌లో 'డిస్టెన్స్ సిన్స్ కోడ్స్ క్లియర్డ్' అనే రీడింగ్ కోసం వెతకండి. లక్ష కిలోమీటర్లు తిరిగిన కారులో అది 9 కిలోమీటర్లు అని చూపిస్తే అర్థం చేసుకోండి. పక్కనే 'రెడీనెస్ మానిటర్స్' చూడండి, అంటే కారు తన భాగాలను తానే చేసుకునే పరీక్షలు. కోడ్స్ చెరిపితే ఆ పరీక్షలన్నీ 'ఇన్‌కంప్లీట్' అయిపోతాయి, కారు మళ్ళీ చల్లారి, స్టార్టయి, రకరకాల స్పీడుల్లో తిరిగితేగానీ పూర్తికావు. 'బ్యాటరీ మార్చాం సార్, అందుకే' అంటారు. అది నిజం కూడా కావచ్చు, బ్యాటరీ తీస్తే కొన్ని కార్లలో అలాగే అవుతుంది. అలాగైతే రెండు మూడు రోజులు కారు తిరగనిచ్చి, ఓసారి కాణిపాకం దాకా మీరే నడిపి చూసి, అప్పుడు మళ్ళీ యాప్ పెట్టండి. ఒప్పుకోకపోతే వేరే కారు చూసుకోండి.

క్లచ్ అరిగిందో, ముందు ఎక్కడైనా గుద్దిందో ఏ యాప్ చెప్పదు. దానికి మంచి మెకానిక్కే దిక్కు.

"మా కారులో టెంపరేచర్ ముల్లు లేదు. మొగిలి ఘాట్‌లో ఏసీ వేసుకుని ఎక్కుతుంటే యాప్‌లో 104 డిగ్రీలు కనబడింది. భయపడి పక్కకి ఆపేశాను. ఎంతవరకు ఫర్వాలేదు?" (పలమనేరు)

104 దగ్గర మీరు ఆపక్కర్లేదు. కూలెంట్ ప్రెషర్‌లో ఉంటుంది కాబట్టి నీళ్ళలాగా వందకే మరగదు. ఘాట్‌లో, ఏసీతో, ఎండలో 100 దాటడం, ఫ్యాన్ తిరిగి మళ్ళీ 95కి దిగడం మామూలే. అంకె కంటే గీతని చూడండి. ఎక్కుతూ దిగుతూ ఉంటే క్షేమం. 110 దాటి ఇంకా ఎక్కుతూనే ఉంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, వీలైన చోట పక్కకి తీయండి. చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు.

అసలు ఈ ప్రశ్న మీరు నన్ను అడగాల్సి రావడమే నాకు మండిపోయే విషయం. ఒకప్పుడు డొక్కు జీపులో కూడా వేడి చూపే ముల్లు ఉండేది. ఇప్పుడు లక్షలు పోసి కొన్న కారులో దాని బదులు ఒక లైటు. చల్లగా ఉంటే నీలం, కాలిపోతుంటే ఎరుపు, మధ్యలో ఏమీ లేదు. ఎరుపు వెలిగేసరికి చాలాసార్లు హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) సంగతి తేలిపోయి ఉంటుంది. పాత ముల్లు కూడా పూర్తి నిజం చెప్పేది కాదు, నిజమే. జనం కంగారు పడకూడదని వేడి కాస్త పెరిగినా మధ్యలోనే నిలబడేట్టు చాలా కార్లలో తయారుచేశారు. అయినా ముల్లు కదలడం మొదలైతే డ్రైవర్ చెయ్యి ఏసీ మీదికి పోయేది. డాష్‌బోర్డ్‌లో పది అంగుళాల స్క్రీన్ పెట్టారు. అందులో పాట పాడినవాళ్ళ ఫొటో వస్తుంది, వాతావరణం వస్తుంది, పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా వస్తాయి. ఇంజిన్ కంప్యూటర్ దగ్గర అనుక్షణం ఉన్న ఆ ఒక్క అంకె మాత్రం రాదు. మన కారు, మన ఇంజిన్, మన డబ్బు. అంకె చూడాలంటే ఎవరు తయారుచేశారో తెలియని ప్లగ్గు, ఎవరు రాశారో తెలియని యాప్. పైన రేణిగుంట టీచరు గారి కష్టాలన్నీ అక్కడి నుంచి వచ్చినవే. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో కొత్త రంగుల థీములు పంపేవాళ్ళు ఈ అంకె ఒక్కటి పంపలేరా?

"ఐఫోన్‌కి ప్లగ్గు కనెక్ట్ కావడం లేదు. స్నేహితుడి ఆండ్రాయిడ్‌కి వెంటనే అయింది."

అది పాత తరహా బ్లూటూత్ ప్లగ్గు, ఐఫోన్ వాటితో మాట్లాడదు. బ్లూటూత్ 4.0 లేదా 'బీఎల్ఈ' అని రాసి ఉన్నది తీసుకోండి. వైఫై ప్లగ్గు కూడా పనిచేస్తుంది కానీ ఫోన్ దానికి అతుక్కుని మ్యాప్‌కి నెట్ అందక ఇబ్బంది పెట్టవచ్చు.

"యాప్ 23 మైలేజీ అంటోంది, ట్యాంకు నింపి లెక్కేస్తే 17 వస్తోంది. ఏది నమ్మాలి?" (శ్రీకాళహస్తి)

ట్యాంకు లెక్కనే. ఇంజిన్‌లోకి ఎంత గాలి పోయిందో చూసి, 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోల్ అనుకుని యాప్ లెక్కేస్తుంది. గాలి కొలిచే సెన్సర్ లేని కార్లలో ఆ గాలి కూడా అంచనాయే. రెండు మూడు ఫుల్ ట్యాంకుల లెక్క రాసుకుని, యాప్ సెట్టింగ్స్‌లో ఇంధనం సవరణ అంకె మార్చుకుంటే దగ్గరికి వస్తుంది. మీది డీజిల్ అయితే ఆ 14.7 లెక్కే వర్తించదు, డీజిల్ ఇంజిన్ అవసరానికి మించి గాలి పీలుస్తుంది. అప్పుడు మైలేజీ గడిని యాప్ స్క్రీన్ మీద నుంచి తీసేసి, బంకు బిల్లులు దాచుకోండి.