బ్రోడీ హెల్మెట్ (మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికులు పెట్టుకున్న ఉక్కు టోపీ) నకలు కొనవచ్చా, అసలుది దొరికేదాకా ఆగాలా?

నకలు కొనండి, తప్పేం లేదు. కానీ అది నకలేనని చెప్పి అమ్మేవాళ్ల దగ్గరే కొనండి. నకలును అసలనుకుని ఏడు నెలలు అల్మారాలో పెట్టుకున్నవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాకు అమ్మినాయన అది 1916 నాటిదేనన్నాడు. లోతు తక్కువ పళ్లెం లాంటి ఆకారం, వెడల్పాటి అంచు, ఇసుక కలిపిన గరుకు రంగు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒకరోజు పాత సైనిక సామాను సేకరించే పెద్దాయన ఇంటికొచ్చారు. హెల్మెట్ ముట్టుకోకుండానే ఫ్రిజ్ మీది అయస్కాంతం తెమ్మన్నారు. నడినెత్తిన పెట్టగానే టక్కున అతుక్కుంది. "ఇది ఆనాటిది కాదు బాబూ" అన్నారు.

జాన్ బ్రోడీ 1915లో పేటెంట్ తీసుకున్న ఈ హెల్మెట్‌ను మొదట్లో కొన్నాళ్లు మామూలు ఉక్కుతో చేశారు. ఆ ఏడాదే హ్యాడ్‌ఫీల్డ్ ఉక్కుకు మారారు. అందులో మాంగనీస్ సుమారు 12 శాతం. పైన పేలిన ఫిరంగి గుండ్ల నుంచి కందకాల్లో కురిసే లోహపు గుళ్లను (ష్రాప్‌నెల్) అది బాగా తట్టుకుంటుంది, దానికి అయస్కాంతం అంటుకోదు. 1916లో అంచుకు చుట్టిన పట్టీ మాత్రం మామూలు ఉక్కే. అక్కడ అయస్కాంతం పెట్టి చూసి అసలుదాన్ని వదులుకోకండి!

ఆయన వెళ్లాక లోపలి కుట్లలోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాను. నూలైతే బూడిద కావాలి. అది కరిగి నల్లటి పూసైంది. తోలు పట్టీ పక్కకు జరిపితే కింద రంగు కొత్తగా ఉంది, తుప్పంతా కంటికి కనబడే చోటే. అంటే ఎవరో పనిగట్టుకుని తుప్పు పట్టించారు. నా కోపమంతా దాని మీదే. రేకు సాగగొట్టిన తీరు, అంచు మడిచిన తీరు చూస్తే చేసినవాడు మంచి పనివాడు. లోపల తన ముద్ర, చేసిన సంవత్సరం వేసి ఉంటే సంతోషంగా కొనేవాణ్ణి. అమ్మేవాళ్లు ఫొటోలు కూడా పైనుంచే తీస్తారు. లోపలి ఫొటో అడగండి, ఇవ్వకపోతే ఆ బేరం వదిలేయండి.

మీరు తలకు పెట్టుకుని నాటకాల్లో వాడాలనుకుంటే మాత్రం నకలే నయం. వందేళ్ల తోలు వంచితే పెళుసుగా విరిగిపోతుంది.

నాది ఇంకా నా దగ్గరే ఉంది. లోపల తెల్ల రంగుతో 'నకలు' అని రాసిపెట్టాను.