ఫైబర్ తీసేసి 5జీ మీదనే డ్యూటీ నడుస్తదా?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్న, అమెరికా టైం, సాయంత్రం 6 నుంచి రాత్రి 3 దాకా డ్యూటీ, అందులో రోజుకు నాలుగు గంటలు వీడియో మీటింగులే. ఇంటికి ఫైబర్ ఉంది గానీ నెలకు రెండుసార్లన్నా వైరు తెగుతది, ఒకసారి కోతులు, ఒకసారి రోడ్డు పనుల జేసీబీ, మొన్నయితే పత్తి లోడు డీసీఎం తగిలి తెగింది. ఫోన్ చేస్తే రేపొస్తం అంటరు, మొన్న ఐదు రోజులు రాలే, లీవులు పెట్టుకోవాల్సొచ్చింది. మా ఆయన ఫోన్ల 5జీ మంచిగ వస్తది, స్పీడ్ టెస్ట్ కొడితే 180 చూపిస్తుంది. ఫైబర్ తీసేసి దీనితోనే నడిపిస్తే ఏమన్న ఇబ్బంది అయితదా? నెలకు ఏడు వందలు కూడ మిగులుతయి గదా.
- ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: చెల్లెమ్మా, ఐదు రోజులు నెట్ లేక లీవులు పెట్టుకున్న అంటే ఎంత కోపం వచ్చి ఉంటదో నాకు తెలుసు, కానీ ఆ కోపంలో కనెక్షన్ మాత్రం ఇప్పుడే కట్ చేయించకండి, ఒక రెండు వారాలు ఆగండి. ఎందుకో చెప్తా.

ఆ 180 ఉంది చూడండి, అది డౌన్‌లోడ్ స్పీడు. ఎప్పుడు కొట్టిన్రు, మధ్యాహ్నం వాకిట్ల నిలబడి కొట్టిన్రా? మీ డ్యూటీ మొదలయ్యేది సాయంత్రం, ఊరంతా పొలం నుంచి ఇంటికొచ్చి ఫోన్ పట్టుకునేది కూడ అప్పుడే, 7 నుంచి 11 దాకా టవర్ మీద మస్తు లోడు ఉంటది, ఇగ క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు చెప్పనే అక్కర్లేదు. టవర్ దగ్గర ఉన్నదాన్నే అందరికీ పంచాలె కాబట్టి పగలు 180 వచ్చిన చోటనే రాత్రి 8కి 15 రావొచ్చు. అయినా 15 వచ్చినా మీటింగుకు చాలు, మనిషిని సతాయించేది అది కాదు, అప్‌లోడ్, అంటే మన దిక్కు నుంచి బయటికి పోయేది. టవర్ పెద్ద గొంతుతో అరుస్తది, మన ఫోన్ ఏమో చిన్న గొంతుతో జవాబు చెప్తది, ఫోన్ సిగ్నల్ పవర్ 200 మిల్లీవాట్ల దగ్గరనే ఉంటది. పైగా 5జీ ఎక్కువగా నడిచే 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ల అప్‌లోడ్‌కు, డౌన్‌లోడ్‌కు ఒకటే దారి, టైం వంతులేసి పంచుతరు, అందులో పెద్ద వాటా డౌన్‌లోడ్‌దే. అందుకే వాళ్ల మాట మీకు మంచిగ వినిపిస్తుంటది, మీ మాట వాళ్లకు ముక్కలు ముక్కలుగ పోతుంటది, "యూ ఆర్ బ్రేకింగ్" అంటరు, మీకేమో అంతా బాగనే ఉన్నట్టు అనిపిస్తది.

కాబట్టి టెస్ట్ ఎట్ల చెయ్యాలంటే, మీరు కూర్చునే టేబుల్ దగ్గరనే, రాత్రి 8కి, మీ ల్యాప్‌టాప్‌ను ఆ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూడండి. విండోస్ అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ 8.8.8.8 అని, చివర ఒక మైనస్ గుర్తు, దాని పక్కన టీ అక్షరం కొట్టి గంట సేపు వదిలెయ్యండి. టైం అన్న దగ్గర నంబర్లు వరుసగ పడుతుంటయి, మన దగ్గరి నుంచి సందేశం పోయి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అది, 38, 41, 36, 44 ఇట్ల పోతుంటే నిమ్మళంగ ఉండొచ్చు. అదే మధ్యమధ్యల 400, 700 వచ్చి, "రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్" అని పడుతుంటే స్పీడ్ టెస్ట్‌ల ఎంత చూపించినా ఆ నెట్ మీద కాల్ నిలవది. అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ ఎప్పుడూ తగ్గకుండ ఉందా అన్నది కూడ చూస్కోండి. ఇట్ల పది రాత్రులు చూడాలె, ఒక్కరోజు బాగుంటే లెక్కలోకి రాదు.

సిగ్నల్ గీతలు నమ్మకండి. ఫోన్ సెట్టింగ్స్‌ల అబౌట్ ఫోన్ లోపల సిమ్ స్టేటస్ అని ఉంటది, అక్కడ సిగ్నల్ డీబీఎంలల్ల చూపిస్తది, మైనస్ 85, 90 అంటే మంచిది, మైనస్ 110 దాటితే కష్టం. మా ఇంట్ల నేను కూర్చునే వెనక అర్రల మైనస్ 112 ఉండేది, అదే ఫోన్ పట్టుకొని ముందరి కిటికీ కాడికి పోతే 91, మధ్యల ఉన్నది ఒక స్లాబు, రెండు గోడలు అంతే. టేబుల్ జరిపి కిటికీ కాడ వేసుకున్నంక సగం గోస తీరింది. రేకుల ఇల్లయితే ఇంకా మోసం, ఇనుప రేకు సిగ్నల్‌ను లోపలికి రానియ్యది.

ఇగ పైసల సంగతి. మొబైల్ ప్లాన్ల అన్‌లిమిటెడ్ 5జీ అని రాసి ఉంటది, అది ఫోన్ 5జీ మీద ఉన్నంతసేపే. ఇంట్లకు పోయినంక సిగ్నల్ తగ్గి ఫోన్ తనంతట తనే 4జీకి దిగితే రోజుకు 2 జీబీ లెక్క మొదలైతది, అది అయిపోతే చాలా ప్లాన్లల్ల స్పీడు 64 కేబీపీఎస్‌కు పడిపోతది, ఆ స్పీడ్‌కు మెయిల్ కూడ తెరుచుకోదు. లెక్క ఈజీనే, 1 ఎంబీపీఎస్ గంట సేపు నడిస్తే 450 ఎంబీ. వీడియో మీటింగ్ రాను పోను కలిపి రెండున్నర ఎంబీపీఎస్ తింటది అనుకున్నా గంటకు 1 జీబీ పైనే, అంటే 4జీకి దిగిన రోజు రెండో గంట దాటకముందే మీ కోటా ఖతం. ఉత్త మాటలే అయితే గంటకు 100 ఎంబీ లోపలనే ఉంటది, కాబట్టి మీ మేనేజర్‌ను అడిగి అవసరం లేనప్పుడు వీడియో బంద్ పెట్టుకోండి. విండోస్‌ల ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్ అని పెట్టండి, లేకపోతే మీటింగ్ నడుస్తుంటే వెనకనుంచి అప్‌డేట్లు దిగుతుంటయి.

ఇంకో మాట గట్టిగ చెప్తా, ఫోన్‌నే రాత్రంతా ఛార్జింగ్‌ల పెట్టి హాట్‌స్పాట్ నడపకండి. నేను ఒక ఎండకాలం అట్లనే నడిపిన, మే నెలల టేబుల్ మీద ఫోన్ చెయ్యి కాలేంత వేడి ఉండేది, పట్టించుకోలే, ఒకరోజు పొద్దున చూస్తే వెనక మూత ఒక పక్క లేచి ఉంది, బ్యాటరీ ఉబ్బింది. అది పేలితే ఇంట్ల పిల్లలున్నరు. నడిపేదుంటే సిమ్ వేసే 5జీ రౌటర్ కొనుక్కోండి, దాంట్ల బ్యాటరీ గోల లేదు, ల్యాప్‌టాప్‌కు కేబుల్‌తో కలుపుకోవచ్చు, కిటికీల పెట్టొచ్చు. లేదంటే 2023 నుంచి జియో, ఎయిర్‌టెల్ రెండూ ఎయిర్‌ఫైబర్ ఇస్తున్నయి, ఇంటి మీద చిన్న యాంటెన్నా పెట్టి 5జీని ఇంట్లకు తెస్తరు, ప్లాన్ కూడ ఇంటి నెట్ లెక్క ఉంటది. మీ ఊరికి ఉందో లేదో వాళ్ల యాప్‌ల అడ్రస్ కొడితే తెలుస్తది. అది కూడ టవర్ మీద ఆధారపడ్డదే, కానీ ఫోన్ కన్నా చాలా నయం.

కంపెనీ వాళ్లను అడగకుండ మార్చకండి. వీపీఎన్, అంటే కంపెనీ నెట్‌వర్క్‌లకు భద్రంగ పోయే దారి, మామూలుగ మొబైల్ నెట్ మీద నడుస్తది, కానీ కొన్ని కంపెనీలు వైర్డ్ కనెక్షనే ఉండాలని రూల్ పెడతయి. కొందరు క్లయింట్లు ఫలానా ఐపీ, అంటే నెట్‌ల మన కనెక్షన్ అడ్రస్, దాని నుంచే లాగిన్ కావాలంటరు, మొబైల్‌ల ఒకే పబ్లిక్ ఐపీని మస్తు మంది పంచుకుంటరు కాబట్టి అది కుదరది.

నేనైతే ఏం చేస్తనంటే, ఫైబర్‌ను అన్నిటికన్నా చిన్న ప్లాన్‌కు దించుతా, 30, 40 ఎంబీపీఎస్ మీ పనికి బొచ్చెడు. మిగిలిన పైసలతోని 5జీ సిమ్ పెట్టుకుంటా, అది ఫైబర్ ఇచ్చిన కంపెనీది కాకుండ వేరే కంపెనీది తీసుకుంటా, ఎందుకంటే టవర్‌కు కూడ చాలాచోట్ల ఫైబరే పోతది, మీ ఇంటి లైను తెంపిన జేసీబీ అదే రోడ్డు పక్కన టవర్ లైను కూడ తెంపొచ్చు, అప్పుడు రెండూ ఒకేసారి పోతయి. పది రాత్రుల టెస్ట్‌ల 5జీ నిలబడితే దాన్నే మెయిన్ చేస్కోండి, తప్పు లేదు, మీ ఊర్ల లైను అంత ఘోరంగ ఉంటే ఇంకేం చేస్తరు. కానీ ఒక వానాకాలం గడిచేదాకా ఆ వైరు ఇంట్ల ఉండనియ్యండి. వానకు ఈ సిగ్నల్ పెద్దగ పోదు, గాలివానకు కరెంట్ పోయి టవర్ బ్యాటరీలు అయిపోతే పోతది.

ఆ ఐదు రోజుల సంగతి వదిలిపెట్టకండి. కంప్లైంట్ పెట్టిన ప్రతిసారి డాకెట్ నంబర్, తారీఖు రాసి పెట్టుకొని బిల్లుల తగ్గించమని అడగండి, కస్టమర్ కేర్ వినకపోతే పైన అప్పీలేట్ అథారిటీ అని ప్రతి కంపెనీకి ఉంటది, దానికి పైసలు కట్టేది లేదు.

ప్రశ్న: సార్, ఇంట్ల ఇన్వర్టర్ ఉంది, ఫ్యాన్లు తిరుగుతయి, కానీ కరెంట్ పోంగనే నెట్ పోతది. కొత్త రౌటర్ కొనాల్నా?
- ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: కొనకండి తమ్ముడూ, ముందు రౌటర్ పెట్టిన ప్లగ్ ఇన్వర్టర్ లైను మీద ఉందో లేదో చూడండి, చాలా ఇండ్లల్ల ఫ్యాన్లు, లైట్లకే ఇస్తరు, ప్లగ్గులకు ఇయ్యరు. ఉన్నా పోతుందంటే కరెంట్ మారే ఆ ఒక్క క్షణానికి రౌటర్ ఆగి మళ్లా స్టార్ట్ అయితుంది, రెండు మూడు నిమిషాలకు అదే వస్తది. 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి మధ్యల పెడితే ఆ సమస్య పోతది, కొనేముందు మీ రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులే రాసి ఉందా చూస్కోండి, కొన్ని 9 ఉంటయి. ఇవన్నీ బాగున్నా, రౌటర్ లైట్లు వెలుగుతున్నా, కరెంట్ వచ్చేదాకా నెట్ రాకపోతే లోపం మీ ఇంట్ల లేదు, మీ గల్లీల కేబుల్ ఆయన పెట్టిన డబ్బాకు బ్యాకప్ లేదన్నట్టు, ఆయన్నే పట్టుకోండి.