ఇల్లు అమ్మకానికి పెట్టేముందు ఓనర్‌ని ఏమేం అడగాలి?

మీరు కొత్తగా ఏజెంటుగా మొదలుపెట్టానని, ఎవరైనా ఇల్లు అమ్మిపెట్టమంటే ఫొటోలు తీసుకుని, రేటు కనుక్కుని రావడం తప్ప ఇంకేం అడగాలో తెలియట్లేదని రాశారు. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ వైపు పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. రేటు కంటే ముందు నేను అడిగేది ఒకటుంది: "రిజిస్ట్రేషన్ రోజున ఎవరెవరు సంతకం పెట్టాలండీ?"

ఇది నాకు మూడో ఏడు తెలిసొచ్చింది. కూకట్‌పల్లిలో 200 గజాల ఇండిపెండెంట్ ఇల్లు. అన్నదమ్ములిద్దరూ పిలిచారు. తండ్రి పోయి కొన్ని నెలలైంది, వీలునామా లేదు. "డాక్యుమెంట్లు క్లియరేనా?" అంటే "అంతా క్లియర్ అన్నా" అన్నారు. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీశాను. తండ్రి పేరే ఉంది, అప్పుల్లేవు. రెండు నెలల్లో కొనే పార్టీ దొరికింది, చెక్కు రూపంలో ఐదు లక్షల టోకెన్ అడ్వాన్స్ ఇచ్చారు. తర్వాత వాళ్ల లాయరు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగాడు. అందులో నాలుగు పేర్లున్నాయి. తల్లి, ఇద్దరు కొడుకులు, డల్లాస్‌లో ఉంటున్న కూతురు.

"అక్కకి పెళ్లప్పుడే పసుపు కుంకుమల కింద ఇవ్వాల్సింది ఇచ్చేశాం" అన్నారు తమ్ముళ్లు. ఈ మాట మీరూ చాలా ఇళ్లలో వింటారు. కానీ తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. కూతురికి పెళ్లయిందా లేదా అన్నదానితో పని లేదు. పిత్రార్జితమైనా అంతే, కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇవేవీ ఈసీలో కనిపించవు. అందులో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి గానీ ఎవరు పోయారో, వారసులెవరో ఉండదు.

ఆ అమ్మాయికి ఇల్లు అమ్మేస్తున్న సంగతి చుట్టాల ద్వారా తెలిసింది. డబ్బు కోసం కాదు, తనకు ఒక్క మాటైనా చెప్పలేదని బాధపడి సంతకం పెట్టనంది. కొనేవాళ్లు ఈ ఇంటిని నమ్ముకుని తమ ఫ్లాటు అమ్మేసి అద్దెకు దిగారు. టోకెన్ తిరిగి చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఒకరోజు ఆ కొనాలనుకున్నాయన నా ఆఫీసుకొచ్చి, "ముందే అడిగి ఉండొచ్చు కదండీ" అన్నాడు. గొడవేమీ పెట్టలేదు, ఆ ఒక్క మాటే అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది వేరే. ఫొటోలకి వెళ్లిన రోజు ఆ తల్లి మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ఉంటున్నది ఆవిడ, నాలుగో వంతు హక్కూ ఆవిడది. నేను ఆవిడతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్లుంటే పక్కన కూర్చుని అడుగుతాను: "అమ్మా, ఇల్లు అమ్మాక మీరెక్కడ ఉందామనుకుంటున్నారు?" ఆవిడ కొడుకుల వైపు చూస్తే, ఆ ఇంట్లో మాట్లాడుకోవాల్సింది ఇంకా మిగిలే ఉందని అర్థం. అలాంటప్పుడు ఫొటోలు తీయకుండా, మీరంతా మాట్లాడుకుని ఫోన్ చేయండని చెప్పి వచ్చేస్తాను.

సంతకాల విషయంలోనే ఇంకో రెండు అడగండి. వాటాదారుల్లో మైనర్ ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ వాటాకు కోర్టు అనుమతి కావాల్సి రావచ్చు, లాయరుతో మాట్లాడించండి. మీతో మాట్లాడుతున్న మనిషి అసలు ఓనరేనా, జీపీఏ (ఓనరు తరఫున సంతకం పెట్టే అధికారపత్రం) హోల్డరా? జీపీఏ మీద కొన్నంత మాత్రాన యాజమాన్యం రాదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. విదేశంలో ఉన్నవాళ్లు ఇక్కడివాళ్లకు జీపీఏ పంపితే, అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి.

ఓనరు ఎన్నారై అయితే మొదటి రోజే తెలియాలి. ఇక్కడ ఉండేవాళ్ల దగ్గర 50 లక్షలు, ఆపైన పెట్టి కొంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల పన్ను కింద కోత) పట్టుకుంటారు. ఎన్నారైకి ఆ లెక్క వర్తించదు. రెండేళ్లకు మించి ఉంచుకున్న ఇంటికి 12.5 శాతం, దానిపై సర్‌ఛార్జి, సెస్సు. ముందే తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కి అప్లై చేసుకుంటే ఓనరుకి చాలా డబ్బు ఇరుక్కోకుండా ఉంటుంది, కానీ అది రావడానికి టైమ్ పడుతుంది. మియాపూర్‌లో ఒక ఫ్లాటుకి ఈ సంగతి రిజిస్ట్రేషన్‌కి వారం ముందు బయటపడింది. ఆ వారమంతా రెండు పక్షాలకీ, నాకూ ఒకటే టెన్షన్.

"లోన్ ఉందా?" అని అడిగి ఊరుకోకండి. "ఒరిజినల్స్ ఎక్కడున్నాయి, ఒకసారి చూడొచ్చా?" అనండి. బ్యాంకులో ఉంటే మంచిదే, ఎంత బాకీ ఉందో లెటర్ తెప్పించుకోవచ్చు. కాగితాలు ఎవరి దగ్గరో తాకట్టు పెట్టి చేబదులు తీసుకుని ఉంటే ఈసీ చూసినా మీకు తెలియకపోవచ్చు. జిరాక్స్‌లు మాత్రమే చూపిస్తుంటే ఆగండి.

ప్లాన్‌లో ఉన్నదీ, కట్టిందీ ఒకటేనా? పైన వేసిన పెంట్‌హౌస్‌కి అనుమతి లేకపోతే కొనేవాళ్ల లోన్ దగ్గర ఆగిపోతుంది. దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు), దాని చుట్టూ కట్టడాలు ఉండకూడని బఫర్ జోన్ గురించి అడగండి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక కొనేవాళ్లు ముందు అదే అడుగుతున్నారు. అద్దెకున్నవాళ్లకు ఇల్లు అమ్ముతున్నట్టు చెప్పారా అని కూడా అడగండి. చెప్పకపోతే పార్టీని తీసుకెళ్లిన రోజు గుమ్మం దగ్గరే ఇబ్బంది.

ఎందుకు అమ్ముతున్నారని అడగడానికి మొహమాటపడకండి. డబ్బు ఎప్పటికి అందాలో దానివల్లే తెలుస్తుంది. శ్రావణంలో పెళ్లి పెట్టుకుని ఆ డబ్బు కోసం ఆషాఢంలో అమ్మకానికి పెడితే, ఆ నెలలో కొనడానికి చాలామంది ముందుకు రారని మనమే చెప్పాలి.

ఇక రేటు. "చేతికి ఎంత రావాలి?" అని అడిగి, ఇంకెంతమంది ఏజెంట్లకు ఎంత చెప్పారో కూడా అడగండి. ఒకే ఇల్లు మూడు చోట్ల మూడు రేట్లకు కనిపిస్తే కొనేవాళ్లకు అనుమానం వస్తుంది. డాక్యుమెంట్‌లో ఎంత చూపిస్తారో కూడా ఆరోజే మాట్లాడాలి. ఇల్లు, స్థలాల అడ్వాన్స్ 20,000 రూపాయలు, ఆపైన క్యాష్‌గా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. నేను పూర్తి రేటుకే రిజిస్ట్రేషన్ అంటాను. కుదరదంటే వదిలేస్తాను.

కూకట్‌పల్లి ఇల్లు ఏడాదిన్నర తర్వాత అమ్ముడైంది. అక్క సెలవుల్లో వచ్చినప్పుడు నలుగురూ కూర్చుని మాట్లాడుకున్నారట. ఆవిడే నాకు ఫోన్ చేసి పిలిచింది. తల్లి వాటా కింద ముందు ఆవిడ పేరు మీద చిన్న ఫ్లాటు కొన్నాకే పాత ఇంటి అమ్మకానికి సంతకాలు పెట్టారు.